ప్రదక్షిణ పోయి ప్రదర్శన వచ్చె

మన మ్యూజియాల కథ అమరావతిలో బౌద్ధ స్తూపం దిబ్బ అయిన దీపాలదిన్నె దగ్గర మొదలవుతుంది. 18వ శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు కొత్త పట్నం కడుతుంటే స్తూపం రాళ్లు ఇళ్లలోకీ మెట్లలోకీ పోయాయి. 1797లో ఆ దిబ్బను చూసిన కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ తర్వాత మళ్లీ వచ్చి శిల్పాలకు బొమ్మలు గీయించాడు. 1845లో మద్రాసు ప్రభుత్వాధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఫలకాలు మద్రాసు చేరి, అక్కణ్ణుంచి ఓడెక్కాయి. లండన్‌లో బండ్ల సావిట్లో పడి ఉండగా 1867లో వాస్తు చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గుసన్ కంటపడ్డాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియంకి వెళ్లి, ఆ తర్వాత చాలాకాలం పెద్ద మెట్లదారి గోడలకు అలంకారమయ్యాయి. స్తూపం చుట్టూ తిరుగుతూ చదువుకోవలసిన కథను జనం మెట్లెక్కుతూ ఓరగా చూశారు. వాటికి ప్రత్యేకమైన గది దక్కింది 1992లో.

హైదరాబాదు దారి వేరు. 1914లో ఏర్పడిన నిజాం పురావస్తు శాఖకు గులాం యాజ్దానీ సారథి. బాగే ఆమ్‌లోని మ్యూజియంలో అజంతా చిత్రాలకు నకళ్లు వేలాడదీశారు. గుహను కదపకుండా గుహలోని బొమ్మను నగరానికి తెచ్చిన ఉపాయమది.

మూడో సాలార్‌జంగ్ 1949లో కన్నుమూశాక, 1951 డిసెంబరు 16న ఆయన నివాసం దివాన్ దేవిడీ మ్యూజియంగా తెరుచుకుంది. నెహ్రూ ప్రారంభించారు. 1968లో అది మూసీ ఒడ్డున కొత్త భవనానికి మారింది. ఇల్లు మారినా ఒక్క మనిషి అభిరుచే ఇప్పటికీ ఆ గదులను నడిపిస్తోంది. అక్కడి పేరున్న గడియారం గంట కొట్టేవేళకు జనమంతా దాని ముందే మూగుతారు. పక్క గదిలో బిద్రీ పనితనం ఒంటరిగా ఉంటుంది.

నాగార్జునకొండ కొత్త పాఠం నేర్పింది. నాగార్జునసాగర్ జలాశయంలో లోయ మునుగుతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా తవ్వారు. కొన్ని కట్టడాలను కొండమీద మళ్లీ నిలబెట్టారు. ద్వీపంగా మారిన ఆ కొండమీది మ్యూజియంలో మునిగిన లోయ నమూనాను కూడా ఉంచారు. రాయి పక్కనే దాని ఊరు కనిపించేది అక్కడే.

రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు పేరిట ఉన్న చిత్రశాలకు వస్తువు ఊరికి దూరమయ్యే చిక్కే లేదు. 1925లో చిన్నవయసులోనే పోయిన ఆ చిత్రకారుడి బొమ్మలు సొంత ఊళ్లోనే ఉన్నాయి.

రెండు శతాబ్దాలుగా మనం వస్తువును కాపాడటం నేర్చుకున్నాం, దాని చిరునామా చెప్పడం ఇంకా నేర్చుకోవాలి. కాలం, రాయి రకం రాసే పలక మీదే అది ఏ దిబ్బనుంచి, ఎవరి చేతుల మీదుగా ఇక్కడికి వచ్చిందో తెలుగులో నాలుగు వాక్యాలు రాస్తే చాలు. చూసేవాడు ప్రదక్షిణ మనసులోనే పూర్తి చేసుకుంటాడు.