ఆటిజం చరిత్రలో శబ్దానికీ స్పర్శకూ చోటు దొరికిన వైనం

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతపు పాఠకులకు పెనుగంచిప్రోలు తిరునాళ్ల సంగతి చెప్పనక్కరలేదు. ఆ మోతకూ జనపు ఒరిపిడికీ తట్టుకోలేక చెవులు మూసుకొని పక్కకు పోయేవారిని మనం మొండివారన్నాము, చాదస్తులన్నాము. వైద్యశాస్త్రమూ వారి బాధను చిరకాలం పక్కనే ఉంచింది.

1943లో లియో కానర్ పదకొండుమంది పిల్లలను గూర్చి వ్రాసిన వ్యాసంలోనే, పెద్ద శబ్దాలకు వారు బెదరిపోవడం ఉన్నది. కాని ఆయన ప్రధానంగా ఎంచినవి ఒంటరితనమూ, మార్పును సహించలేకపోవడమూ. తరువాత కొంతకాలం, తల్లిదండ్రుల ప్రేమలేమియే కారణమన్న నింద సాగింది. ఎంత అన్యాయం!

లోపలి అనుభవాన్ని చెప్పినవారు ఆటిజం గలవారే. 1986లో వెలువడిన స్వీయకథలో టెంపుల్ గ్రాండిన్ తన స్పర్శబాధను వివరించారు. ఆమెకు కౌగిలి కావాలి, కాని ఆ తాకిడి భరించరానిది. పశువులను అదిమిపట్టే బోను చూసి, ఒత్తిడి తన అదుపులోనే ఉండే యంత్రమొకటి చేసుకున్నారు. ప్రేమ లేక కాదు సుమండీ! అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం ఈ ఇంద్రియ తీవ్రతను ఆటిజం లక్షణాలలో చేర్చినది 2013లో, అంటే కానర్ వ్యాసం తరువాత డెబ్బయ్యేళ్లకు. మన 1995 వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 2016 చట్టంలో చేరింది.

శబ్దం గిట్టని ప్రతివారికీ ఆటిజం ఉన్నట్లు కాదు. అయినా మీకు చిన్ననాటి నుండీ ఇటువంటి ఇబ్బందీ, నలుగురిలో మెలగడంలో చిక్కూ ఉంటే, కోపమో ఏడుపో ముంచుకొచ్చే ముందు ఏ శబ్దం, ఏ వెలుతురు, ఏ బట్ట గరుకు ఉన్నదో వ్రాసిపెట్టుకోండి. మానసిక వైద్యుని వద్దకు వెళ్లేటప్పుడు ఆ కాగితంతోపాటు, మీ బాల్యం ఎరిగిన పెద్దలనూ తీసుకొనిపోండి.