దస్తూరి లేని దరఖాస్తు

కృష్ణా జిల్లా హనుమాన్ జంక్షన్ చుట్టుపక్కల పల్లెల్లో ఒకరి కాగితం మరొకరు రాసిపెట్టడం పాత సంగతే. పొలం అమ్మినా, అప్పు తెచ్చినా, తాసిల్దారుకు అర్జీ పెట్టుకున్నా రాసేది కరణమో, దస్తావేజు లేఖరో. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక కూడా రిజిస్ట్రారు ఆఫీసుల దగ్గర లేఖరులకు పని తగ్గలేదు. ఇందులో దాపరికం ఏమీ లేదు. అమ్మిన రైతు కింద సంతకమో వేలిముద్రో వేసేవాడు, సాక్షులు చేవ్రాళ్లు చేసేవారు, చివర ‘ఫలానావారి దస్తూరి’ అని రాసినవారి పేరూ ఉండేది. మాట ఎవరిదో, రాత ఎవరిదో కాగితమే చెప్పేది.

కానీ విదేశీ విశ్వవిద్యాలయాల దరఖాస్తులో రాసిపెట్టినవారి పేరుకు చోటు లేదు. అమెరికాలో ఎమ్మెస్ చదవాలంటే మార్కుల జాబితాతో పాటు ‘స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్’ పంపాలి. అందరి నోటా అది ఎస్‌ఓపీ. ఏం చదివాడు, ఏ ప్రాజెక్టు చేశాడు, ఆ విభాగమే ఎందుకు కావాలి అన్నది విద్యార్థి తన మాటల్లో చెప్పుకోవాలి. ఇది తన సొంత రాతేనని చాలా దరఖాస్తుల్లో హామీ కూడా ఇవ్వాలి. మనిషి గురించి ఇలా ఆరా తీసే పద్ధతి అక్కడ 1920లలో బలపడింది. ప్రవేశ పరీక్షల్లో నెగ్గుకొస్తున్న యూదు విద్యార్థుల సంఖ్యను తగ్గించడానికి హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ నడవడి, వ్యక్తిత్వం పేరుతో కొత్త జల్లెడ పట్టాయి. నిజాయితీని కొలిచే ఈ పద్ధతి పుట్టుకే అంత నిజాయితీగా లేదు.

కృష్ణా డెల్టాలో చదువు దారి వేరు. కానూరులో వి.ఆర్. సిద్ధార్థ ఇంజనీరింగ్ కళాశాల 1977లో మొదలైంది, గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ కళాశాల 1998లో వచ్చింది. వాటిలో సీటు దొరకడానికి ఎంసెట్ ప్రవేశ పరీక్ష ర్యాంకు సరిపోయేది. ఒకటో తరగతి నుంచి బీటెక్ దాకా విద్యార్థి తన గురించి నాలుగు పేరాలు రాయాల్సిన అవసరమే రాదు. వ్యాసం అంటే గైడులో ఉన్నదాన్ని బట్టీ పట్టి పరీక్షలో దించడమే. అలా పదహారేళ్లు చదివినవాడిని ఒక్కసారిగా ఇంగ్లీషులో తన ఆశయం చెప్పమంటే పక్కవాడి సాయం వెతుక్కోవడంలో వింత లేదు.

1990ల చివర్లో ఆ సాయం సీనియర్ల నుంచి అందేది. అమెరికా చేరినవారి ఎస్‌ఓపీ ఈమెయిల్లోనో ఫ్లాపీలోనో చేతులు మారేది. నెట్ సెంటర్లో కూర్చుని పేరు, కాలేజీ, ప్రాజెక్టు మార్చుకునేవారు. తర్వాత హైదరాబాద్ అమీర్‌పేటలో, విజయవాడ బెంజి సర్కిల్ వైపు కన్సల్టెన్సీలు వెలిశాయి. నూజివీడు, గుడివాడ, ఏలూరు దారులు కలిసే జంక్షన్ నుంచి బెంజి సర్కిల్ బస్సెక్కి గంటలో చేరగల దూరమే. విద్యార్థి ఒక ఫారం నింపి వస్తే సరిపోయేది, మిగతాది అచ్చులో పోసినట్టు తయారయ్యేది: చిన్నప్పుడు కంప్యూటర్ మీద కలిగిన మోజు, కాలేజీ ప్రాజెక్టు, చివర విశ్వవిద్యాలయం మీద పొగడ్త. ఒక్కోసారి పాత విశ్వవిద్యాలయం పేరు మార్చడం మరిచిపోయేవారు. చాలా కన్సల్టెన్సీలకు విశ్వవిద్యాలయాల నుంచి కమీషన్ వచ్చేది కాబట్టి విద్యార్థికి ఇదంతా ఉచితంగానో, కొద్ది రుసుముకో దొరికేది. సిఫారసు లేఖలదీ అదే తీరు. ‘నువ్వే రాసుకురా, సంతకం పెడతా’ అనే అధ్యాపకులకు కొదవ లేదు.

ఈ జబ్బు తెలుగువారిది మాత్రమే కాదు. బ్రిటన్‌లో దరఖాస్తులు చూసే యూకాస్ సంస్థ 2007లో సుమారు 50 వేల వ్యాసాలను పోల్చి చూస్తే, చిన్నప్పుడు రసాయనాలతో ఆడుకుంటూ పైజమాకు చిల్లులు పెట్టుకున్న కథ 234 మంది జీవితాల్లో జరిగినట్టు తేలింది! అప్పటినుంచి నకళ్లను పట్టే సాఫ్ట్‌వేర్ వచ్చింది. అమెరికాలోనూ డబ్బున్న ఇళ్ల పిల్లలకు వ్యాసం దిద్దడానికి ప్రైవేటు కౌన్సిలర్లు ఉంటారు. ప్రశ్నలు వేసి విద్యార్థి చేత చెప్పించడం, వ్యాకరణం సరిచూడటం ఎవరూ తప్పు పట్టని సాయం. ఆలోచన కూడా అద్దెకు తెచ్చుకున్నప్పుడే పేచీ. దాని ఫలితం విద్యార్థికి వీసా కిటికీ దగ్గర ఎదురయ్యేది. 2008లో హైదరాబాద్‌లో తెరిచిన అమెరికా కాన్సులేట్‌లో వీసాల పని మొదలయ్యేదాకా ఆ ఇంటర్వ్యూకు చెన్నై వెళ్లాల్సి వచ్చేది. ఈ విశ్వవిద్యాలయమే ఎందుకని అధికారి అడిగితే, తన ఎస్‌ఓపీలో ఏముందో తెలియనివాడు నీళ్లు నమిలేవాడు.

విశ్వవిద్యాలయాల చేతిలోనూ ఒక ఆధారం ఉండేది. 2002 అక్టోబరులో పీజీ ప్రవేశాల పరీక్ష జీఆర్‌ఈలో రాత విభాగం చేరింది. పరీక్ష గదిలో రాసిన ఆ వ్యాసాలు స్కోరుతో పాటు విశ్వవిద్యాలయాలకు అందేవి. ఎస్‌ఓపీ పక్కన పెట్టి చూస్తే రెండూ ఒక చేతివో కావో తెలిసేది. 2020లో కోవిడ్ వచ్చాక అనేక విశ్వవిద్యాలయాలు జీఆర్‌ఈ అక్కర్లేదన్నాయి, ఆ పోలికా పోయింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఎస్‌ఓపీ కోసం బెంజి సర్కిల్ దాకా వెళ్లే పని కూడా తప్పింది. అమెరికాలో డిగ్రీ ప్రవేశాలు చూసే కామన్ యాప్, కృత్రిమ మేధ రాసిన వ్యాసాన్ని సొంతమని పంపడం మోసమేనని 2023లో తన నిబంధనల్లో చేర్చింది. యూకాస్ 2026 ప్రవేశాల నుంచి ఒకే పెద్ద వ్యాసం బదులు మూడు ప్రశ్నలు అడుగుతోంది. తెలుగు విద్యార్థులు ఎక్కువగా రాస్తున్న డ్యుయోలింగో ఇంగ్లీషు పరీక్ష, అక్కడికక్కడే రాసిన నమూనాను, మాట్లాడిన వీడియోను స్కోరుతో జతచేసి విశ్వవిద్యాలయాలకు పంపుతోంది.