గ్రంథాలయములలో చలనచిత్రముల యెంపిక: రీలు పెట్టెనుండి స్ట్రీమింగు వఱకు

గ్రంథాలయమునకు పుస్తకము లెట్లు చేరునో అందఱు నెఱిగినదే. గ్రంథపాలకుడు పట్టికలు చూచును, విమర్శలు చదువును, పాఠకులు కోరిన వానిని గుర్తు పెట్టుకొనును, ఉన్న ధనమును లెక్కించుకొని కొన్నింటిని కొని పెక్కింటిని విడిచిపెట్టును. విడిచిపెట్టుటయే యెంపికలోని కష్టము. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడైన ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచసూత్రములు ఈ కష్టమును తీర్చుటకు పుట్టినవే. పాఠకులు తక్కువ యను కారణముచేత ఏ గ్రంథమును తోసివేయరాదనియు, ప్రతిదానికిని ఎక్కడనో ఒక పాఠకుడు వేచియుండుననియు అందలి యొక సూత్రమున కర్థము. ఈ న్యాయము చలనచిత్రములకు వర్తించునా, వర్తించినచో ఎంచవలసిన వారెవరు అను ప్రశ్నకు సుమారు ఎనుబదియేండ్ల చరిత్ర కలదు. అందు పెద్దభాగము అమెరికాలో నడచినది. అయినను, రాష్ట్రేతరాంధ్రులకు దానితో గల సంబంధము పైకి కనబడునంత దూరపుది కాదు.

అమెరికా పౌరగ్రంథాలయములు రెండవ ప్రపంచయుద్ధకాలమున 16 మిల్లీమీటర్ల ఫిల్ములను చేర్చుకొనుట మొదలిడెను. 1943లో విద్యావిషయక ఫిల్ము గ్రంథాలయముల సంఘమొకటి అచట ఏర్పడినది. ఈ సంఘమువారు ఫిల్ములను చూచి, గుణదోషములను చిన్న కార్డులపై అచ్చువేసి సభ్యులకు పంపుచుండిరి. ఫిల్ము ఖరీదైన వస్తువు. పుస్తకమువలె అంగడిలో తిరుగవేసి చూచుటకు వీలులేనిది. కనుక ఒకరు చూచి చెప్పిన మాటను వేయిమంది నమ్మవలసి వచ్చెను. 1959 మొదలు ఆ సంఘమే యేటేట ఫిల్మోత్సవమును జరిపి బహుమతు లీయసాగెను. ఆ బహుమతుల పట్టిక గ్రంథపాలకులకు కొనుగోలు పట్టికగా నుపయోగపడినది.

చిన్న గ్రంథాలయములు ఒంటరిగా ఫిల్ములను కొనలేకపోయినవి. 1948 నాటికి ఒహాయో, మిస్సూరీ రాష్ట్రములలో కొన్ని గ్రంథాలయములు కూడి ఒక యేర్పాటు చేసికొన్నవి. అందఱును తలకొంత చెల్లించి కొన్ని ఫిల్ములను కొందురు. ఆ ఫిల్ముల మూట ఒక్కొక్క ఊరిలో కొన్నాళ్లుండి తరువాతి ఊరికి పోవుచుండును. కార్నెగీ సంస్థ ధనసహాయముతో ఈ పద్ధతి వ్యాపించినది. 1935లో పాతూరి నాగభూషణముగారు కాలువమీద నడపిన పడవ గ్రంథాలయమును ఎఱిగిన తెలుగువారికి ఇది క్రొత్తగా తోపదు. పుస్తకము కదలవలెను గాని పాఠకుడు కాదను తలంపే రెండింటికిని మూలము.

తరువాత వీడియో క్యాసెట్టు వచ్చినది, దాని వెనుక డీవీడీ వచ్చినది. ఖరీదు తగ్గుటచేత గ్రంథపాలకుడు విద్యావిషయక చిత్రములతోపాటు కథాచిత్రములను గూడ బీరువాలలో నుంచగలిగెను. ఏది చూడదగినది, ఏది చూడదగనిది అను వాదములు సహజముగా పెరిగినవి. పైని చెప్పిన సంఘము 1979లో చూచు స్వేచ్ఛను గూర్చి యొక ప్రకటన చేయగా, అమెరికా గ్రంథాలయ సంఘము 1990లో దానిని ఆమోదించినది. ఇంతకంటెను ముఖ్యమైన విషయము చట్టమునకు సంబంధించినది. కొనిన ప్రతిని కొన్నవారు తమ యిష్టమువచ్చినట్లు ఇచ్చుకొనవచ్చునను న్యాయమును అమెరికా అత్యున్నత న్యాయస్థానము 1908లోనే పుస్తకముల విషయమున స్థాపించినది. మఱుసటి సంవత్సరము అది చట్టమున కెక్కినది. ఈ న్యాయము లేనిచో గ్రంథాలయమే లేదు. క్యాసెట్టు, డీవీడీ దీని నీడలోనే బ్రదికినవి.

స్ట్రీమింగు వచ్చుటతో ఆ నీడ తొలగినది. ఇందు గ్రంథాలయమునకు వస్తువేదియు చేతికి రాదు. చిత్రము సంస్థవారి కంప్యూటరులో నుండును. గ్రంథాలయము కొనునది కొంతకాలము చూపించుటకు అనుమతి మాత్రమే. గడువు తీరినచో చిత్రము తొలగును. బీరువాలోని పుస్తకము గ్రంథపాలకుడు మఱచిపోయినను ఉండును. లైసెన్సు చిత్రము అతడు గుర్తుంచుకొన్నను పోవును.

2008లో ఆస్ట్రేలియాలో ప్రారంభమైన కనోపీ యను సంస్థ మొదట విశ్వవిద్యాలయములకును, పిదప అమెరికా పౌరగ్రంథాలయములకును ఇట్టి చిత్రములను సరఫరా చేసినది. విశ్వవిద్యాలయములలో అది ప్రవేశపెట్టిన పద్ధతి విచిత్రమైనది. వేలకొలది చిత్రములను ముందుగనే విద్యార్థుల యెదుట ఉంచుదురు. ఏదేని చిత్రమును నాలుగుమారులు ఎవరైన కొన్ని క్షణములకు మించి చూచినచో దానికి గ్రంథాలయము సాలుకు 150 డాలర్ల లైసెన్సు కొన్నట్లు లెక్క. ఎంపికచేయు పని గ్రంథపాలకుని చేతినుండి జారి, చూచువారి చేతిలో, వారికిని తెలియకుండ, పడినది. పౌరగ్రంథాలయములలోనైతే ప్రతి వీక్షణమునకు ఇంతయని చెల్లించు పద్ధతి నడచినది. 2013లో ఒహాయోలోని డీవీడీ వర్తకులు ప్రారంభించిన హూప్లా యను సేవయు ఇట్టిదే. ఎవరెంత యెరువు తీసికొన్న అంత రుసుము.

ఆదరము పెరిగినకొలది వ్యయము పెరుగుట ఈ పద్ధతిలోని వింత. పుస్తకమును నూఱుమంది చదివినచో గ్రంథాలయమునకు లాభము. ఇచట నూఱుమంది చూచినచో నూఱురెట్లు ఖర్చు. న్యూయార్కు నగరమందలి న్యూయార్కు, బ్రూక్లిన్, క్వీన్సు గ్రంథాలయములు మూడును వ్యయభారము కారణముగా 2019 జూలై 1 నుండి కనోపీ సేవను నిలిపివేసినవి. నగరవాసులకు ముందునాటి రాత్రి వఱకు అందుబాటులోనున్న వేలాది చిత్రములు తెల్లవారునప్పటికి లేవు. రెండేండ్లకు, 2021లో, ఆ సంస్థను ఓవర్‌డ్రైవు అను మఱియొక పెద్దసంస్థ కొనినది.

ఎంపికలేని సంచయమునకు మఱియొక దోషము కలదు. 2022లో హూప్లా మూలమున గ్రంథాలయములకు చేరిన ఎలక్ట్రానిక్ పుస్తకములలో, యూదుల మారణహోమమే జరుగలేదని బొంకు రచనలు బయటపడినవి. ఏ గ్రంథపాలకుడును వానిని ఎంచి కొనలేదు. మూటతో వచ్చి చేరినవి. ఆక్షేపణములు రాగా సంస్థవారు వానిని తొలగించిరి. పుస్తకముల విషయమున జరిగినది చిత్రముల విషయమున జరుగదని ఎవరును చెప్పజాలరు. మూటగా కొనుట సులభము. మూటలో నేమున్నదో చూచుటకు తీరిక యుండవలెను. ఆలస్యమైనను ఒక్కొక్కటిగా చూచి తీసికొను పాతపద్ధతియే మేలని పెక్కండ్రు గ్రంథపాలకులు వాదించుట నిష్కారణము కాదు.

అల్పసంఖ్యాకుల భాష విషయమున ఈ లెక్క మఱింత కఠినముగా నుండును. వీక్షణముల సంఖ్యనుబట్టి చిత్రములుండుటయో పోవుటయో నిర్ణయమగుచో, ఒక పట్టణములో రెండువందల కుటుంబములు మాటాడు భాష ఎన్నటికిని గెలువదు. రంగనాథన్ సూత్రము సరిగా ఇట్టివారి కొఱకే పుట్టినది. తమిళనాడులో 2006 నాటి తమిళాభ్యసన చట్టముచే ఒకటవ తరగతి మొదలుకొని క్రమముగా తమిళము నిర్బంధ ప్రథమభాష యైనది. రాష్ట్రభాషను నేర్చుట యవసరమే. దానిని ఎవరును కాదనరు. కాని ఇంట తెలుగు మాటాడి బడిలో తెలుగు లిపి చూడని పిల్లలు దీనివలన పెక్కుమంది యైరి. వారికి తెలుగు పుస్తకము మూతపడిన తలుపు. చలనచిత్రము తెఱచిన తలుపు. మాయాబజారులోని సంభాషణమును విని నవ్వగల పిల్లవానికి ఆ నవ్వుదారినే అక్షరమును చూపవచ్చును. సంఘముల పఠనమందిరములలో చిత్రములుండవలెననుట వినోదము కొఱకు మాత్రమే కాదు.

తెలుగు చలనచిత్ర చరిత్ర చాలవఱకు ఆంధ్రదేశము వెలుపలనే నడచుట ఇక్కడ స్మరింపదగినది. మచిలీపట్టణమున పుట్టిన రఘుపతి వెంకయ్యగారు మద్రాసులో గెయిటీ థియేటరును కట్టించిరి. ఆయన కుమారుడు ప్రకాశ్ 1921లో తీసిన మూకీ చిత్రము భీష్మప్రతిజ్ఞ నేడు లభ్యము కాదు. మొదటి తెలుగు టాకీ భక్తప్రహ్లాద 1932లో బొంబాయిలో తయారైనది. 1934 నాటి లవకుశ కలకత్తాలోని కంపెనీ తీసినది. తరువాత అనేక సంవత్సరములు మద్రాసు వడపళని పరిసరములే తెలుగు చిత్రములకు పుట్టినిల్లు. మిగిలిన రీళ్లను భద్రపఱచు జాతీయ చలనచిత్ర భాండాగారము 1964లో మహారాష్ట్రమందలి పూణేలో వెలసినది. 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమైనది. దానిని పెంచిన పి. కె. నాయర్ మంచిచెడ్డల విచారణలేక అన్ని చిత్రములను సేకరింపవలెనను పట్టుదల గలవాడు. భాండాగారమునకు అది ధర్మము. చిన్న గ్రంథాలయమునకు అంత చోటులేదు, ధనమును లేదు, అది యెంచకతప్పదు. 1954 నాటి గ్రంథసమర్పణ చట్టము ప్రకారము మద్రాసు కన్నెమరా గ్రంథాలయమునకు దేశములోని ప్రతి పుస్తకపు ప్రతియు చేరవలెను. చలనచిత్రముల ఊసు ఆ చట్టములో లేదు.

మన దేశమున చిత్రములను సేకరింప దలచినవారికి ఉపకరించు నంశములు రెండు కలవు. మొదటిది 1957 నాటి కాపీరైటు చట్టములోని గడువు. చిత్రము విడుదలయైన మఱుసటి సంవత్సరాదినుండి 60 ఏండ్లు గడచినచో చిత్రముపై గల హక్కు తీరును. ఆ లెక్కను 1957 నాటి మాయాబజారు హక్కు 2017 చివరను, 1964 నాటి రాముడు భీముడు హక్కు 2024 చివరను ముగిసినవి. కాని చిత్రములోని పాటలకును మాటలకును గడువు వేఱు. అది రచయిత మరణమునుబట్టి 60 ఏండ్లు. మాయాబజారునకు మాటలు, పాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావుగారు 1971లో కాలధర్మము చెందిరి. ఆయన రచనలకు గడువు 2031 చివరి వఱకు కలదు. 2010లో రంగులద్ది విడుదల చేసిన ప్రతిని గూర్చి మఱల వేఱుగా విచారింపవలెను. హక్కు తీరినది గదా యని సభలో తెరమీద వేయుటకు ముందు ఈ భేదము నెఱుగుట మంచిది.

రెండవది 2012 నాటి సవరణ. అద్దెకిచ్చు హక్కు నిర్మాతదే యైనను, న్యాయముగా సంపాదించిన చలనచిత్రపు ప్రతిని లాభాపేక్షలేని గ్రంథాలయముగాని విద్యాసంస్థగాని లాభమును కోరక ఎరువిచ్చుట వాణిజ్యపు అద్దె కాదని ఆ సవరణ స్పష్టముగా చెప్పినది. తెలుగు సంఘముల గ్రంథాలయములకు ఇంతకంటె అనుకూలమైన మాట చట్టములో కనబడదు. అయితే ఈ మాట చేతిలోనున్న ప్రతికే చెల్లును. స్ట్రీమింగు చందాలో చేతికి వచ్చు ప్రతి లేదు; గృహవినియోగమునకని తీసికొన్న చందాను సంఘభవనములో చూపుటకు ఆ సంస్థల నిబంధనలు సామాన్యముగా ఒప్పుకొనవు.

ప్రతి దొరకుటయే నేడు ప్రయాసము. మోజర్ బేయర్ కంపెనీవారు 2007 ప్రాంతమున వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మి దక్షిణభాషల చిత్రములను ఇంటింటికి చేర్చిరి. ఆ కంపెనీ ఆస్తులను అమ్మివేయవలసినదిగా 2018లో ఆజ్ఞయైనది. డిస్కులమ్ము అంగళ్లు పెక్కు ఊళ్లలో మూతపడినవి. ఆ కాలమున కొన్న డిస్కులు రాష్ట్రేతరాంధ్రుల యిండ్లలో, సంఘముల బీరువాలలో ఇంకను కొన్ని యున్నవి. వాని పట్టిక వ్రాయుటకు ఒక నోటుపుస్తకము చాలును. చిత్రము పేరు, విడుదల సంవత్సరము, డిస్కు ఆడుచున్నదా లేదా అను మూడు గడులు గీసిన చాలును. బెంగుళూరు సంఘమువద్ద లేనిది బరంపురము వారివద్ద ఉండవచ్చును. షోలాపురమునకు యానాము నుండి పంపవచ్చును.