జీతం ఒక్కటే తృప్తినిస్తుందా? - మిలీనియల్ తరం, ఉద్యోగ సంతృప్తి

హోసూరు, కోలారు, బళ్ళారి, బరంపురం - ఏ సరిహద్దు ప్రాంతంలోనైనా తెలుగు ఇళ్ళలో ఉద్యోగస్థుని గురించి మొదట అడిగే ప్రశ్న "జీతమెంత?" అన్నదే. మంచి జీతం వస్తున్న ఉద్యోగాన్ని మానివేస్తానని కుమారుడో కుమార్తెయో అన్నప్పుడు పెద్దలకు అది అర్థం కాదు. అందుకు కారణాలను తెలుసుకోవడం అవసరం.

మిలీనియల్స్ అనగా ఎవరు?

1981 నుండి 1996 వరకు జన్మించినవారిని సాధారణంగా ఈ పేరుతో వ్యవహరిస్తారు. మన దేశంలో వీరు 1991 నాటి ఆర్థిక సంస్కరణల తరువాత పెరిగి, ప్రైవేటు కొలువులలో అధికంగా చేరిన తరం.

సంతృప్తికి మూలం

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ సుమారు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను ప్రశ్నించి 1959లో ఒక సిద్ధాంతాన్ని ప్రకటించారు. జీతం, పై అధికారి తీరు, సంస్థ నియమాలు సరిగా లేకుంటే అసంతృప్తి కలుగుతుంది. అవి సరిగా ఉన్నంత మాత్రాన సంతృప్తి కలుగదు. దానికి గుర్తింపు, బాధ్యత, ఎదుగుదల, చేసే పనిపై ఇష్టం కావాలి. జీతం కూరలో ఉప్పు వంటిది. ఉప్పు లేనిదే ముద్ద దిగదు. ఉప్పుతోనే కడుపు నిండదు.

పని గంటలు

2020లో కోవిడ్ లాక్‌డౌన్ వేళ పిల్లలు ఇంటి నుండి పనిచేసినప్పుడు, రాత్రి పొద్దుపోయే వరకు సాగిన సమావేశాలను పెద్దలు కళ్ళారా చూశారు. యువత వారానికి 70 గంటలు పనిచేయాలని ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు 2023 అక్టోబరులో అన్నప్పుడు దేశమంతటా చర్చ జరిగింది. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం, గుండెజబ్బు ముప్పు అధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో వెల్లడించాయి. కనుక విశ్రాంతి కోరడం సోమరితనం కాదు.

స్త్రీలకు రక్షణ

పదిమంది లేక అంతకు మించి ఉద్యోగులున్న చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం నిర్దేశించింది. 2017 సవరణతో వేతనంతో కూడిన ప్రసూతి సెలవు, మొదటి ఇద్దరు బిడ్డల వరకు, 12 వారాల నుండి 26 వారాలకు పెరిగింది. ఇవి కాగితంపైనే ఉన్నాయా, అమలవుతున్నాయా అన్నదానిని బట్టియే ఉద్యోగినులు తమ సంస్థను అంచనా వేస్తారు.

పెద్దలు అడగవలసినవి

అప్పుల వాయిదాలు కట్టవలసిన ఇంట జీతం చిన్న విషయం కాదు. వేరొక ఉద్యోగం చేతికి వచ్చిన పిమ్మటనే రాజీనామా చేయుమని చెప్పడం సబబే. అయితే జీతంతోపాటు మరి మూడు ప్రశ్నలు కూడా అడగాలి: నిద్ర సరిగా పడుతున్నదా? పై అధికారి మర్యాదగా మాట్లాడుతున్నారా? కొత్త పని ఏదైనా నేర్చుకొంటున్నావా? ఈ మూడింటికీ "లేదు" అన్నదే సమాధానమైతే, ఉద్యోగం మారాలన్న మాటను తొందరపాటుగా భావించక కూర్చుండబెట్టి వినడం మేలు.