ఏలగిరి మీది జమీందారు ఇల్లు

జోలార్‌పేట స్టేషన్‌లో రైలు దిగి తలెత్తితే ఏలగిరి కొండ కనిపిస్తుంది. 1864లో ఇక్కడినుంచి బెంగళూరు కంటోన్మెంటుకు రైలుమార్గం పడ్డాక మా ఊరు జంక్షన్‌గా పేరు తెచ్చుకుంది. ఆ రైలు కథ చెప్పేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు. కొండమీది కథ చెప్పగలిగినవాళ్లే ఏటికేడాది తగ్గిపోతున్నారు.

తెల్లదొరల కాలంలో ఏలగిరి అంతా ఒక్క జమీందారీ కుటుంబం సొత్తు. 1948లో మద్రాసులో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. 1950ల తొలినాళ్లలో కొండ ప్రభుత్వపరమైంది. భూములు పోయినా, జమీందారుల ఇల్లు మాత్రం కొండమీది రెడ్డియూరులో నిలిచింది. రెడ్డియూరు! ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మాకు ఆ పేరు వింటేనే సొంత ఊరి పిలుపులా ఉంటుంది.

ఏలగిరి ఉన్న మా తిరుపత్తూరు తాలూకా 1911 దాకా సేలం జిల్లాలోనే ఉండేది. అదే జిల్లాలోని ఏర్కాడులో 1820లలో కలెక్టరు కాక్‌బర్న్ కాఫీ నాటించాడు. అక్కడి దొరల తోటల గురించి, గ్రేంజ్ ఎస్టేటు గురించి ఇప్పటికీ రాస్తూనే ఉన్నారు. దొర కట్టిన బంగళాకు దక్కిన శ్రద్ధ మన జమీందారు ఇంటికి ఎందుకు దక్కకూడదు? కొండవాళ్ల చాకిరీ, కౌలు, శిస్తు లెక్కలు, అన్నీ ఆ గడప చుట్టూ తిరిగినవే కదా. ఇంటి గొప్పతో పాటు ఆ కష్టం కూడా చరిత్రలోకి ఎక్కాలి.

పాత ఇళ్లను కూల్చేవాళ్లకన్నా, మంచి మనసుతో సిమెంటు పూసేవాళ్లంటేనే నాకు ఎక్కువ భయం. సున్నపు గోడ తడిని పీల్చి మళ్లీ వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూస్తే తడి లోపలే ఉండిపోయి గోడ గుల్లబారుతుంది. మరమ్మతు ఏదైనా సున్నంతోనే చెయ్యాలి. అంతకన్నా ముందు కొలతలు తీసి పటం గీయాలి, గదిగదికీ ఫొటోలు తీయాలి. 2019లో ఏర్పడిన మా తిరుపత్తూరు జిల్లా యంత్రాంగం ఈ పని తలకెత్తుకోవాలి. కొండదారి వంపులకు తమిళ కవుల పేర్లు, దాతల పేర్లు పెట్టుకున్నాం. ఆ ఇంటి కథకూ ఒక పలక ఉండాలి.

ఆ జమీందారీ రోజులు చూసిన, 1950లో పదేళ్ల పిల్లవాడికి ఇప్పుడు ఎనభై అయిదు దాటాయి. మీ ఇంట్లో, మీ వీధిలో అలాంటి పెద్దవాళ్లుంటే ఈ వారమే పక్కన కూర్చుని, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టండి.