హజ్ దారిలో కలరా కాపలా

1865లో మక్కాలో హజ్ యాత్రికుల మధ్య చెలరేగిన కలరా, తిరుగు ప్రయాణపు ఓడల వెంట ఈజిప్టుకు, అక్కడి నుంచి ఐరోపా రేవులకు పాకడంతో, 1866లో కాన్‌స్టాంటినోపుల్‌లో అంతర్జాతీయ ఆరోగ్య సదస్సు సమావేశమైంది. ఆ తరువాత ఒట్టోమన్ ప్రభుత్వం 1882లో ఎర్రసముద్రంలోని కమరాన్ దీవిలో క్వారంటైన్‌ను, అనగా వ్యాధి లక్షణాలు బయటపడేందుకు పట్టే కాలం మేరకు ప్రయాణికులను విడిగా నిలిపి ఉంచే ఏర్పాటును నెలకొల్పగా, బొంబాయి నుంచి జెడ్డాకు పోయే యాత్రికులు అక్కడ దిగి, తమ సామగ్రిని శుద్ధి చేయించుకొని, రుసుము చెల్లించవలసి వచ్చేది. క్వారంటైన్ ముగిశాక కూడా కష్టాలు తీరేవి కావు: జెడ్డా నుంచి మక్కాకు ఒంటెల బిడారులలో సాగిన మార్గంలో దోపిడీ భయం, నీటి ఎద్దడి వారిని వెన్నాడేవి. అంటువ్యాధి భయం ఇటీవలి కాలంలోనూ హజ్ ప్రయాణాన్ని ప్రభావితం చేసింది: 2020లో కోవిడ్ కారణంగా సౌదీ అరేబియాలో నివసిస్తున్న సుమారు వెయ్యి మందికే హజ్‌ను పరిమితం చేసి, వారిని బస్సులలో ఎడంగా కూర్చోబెట్టి తరలించారు. యాత్రికుల ఆరోగ్య రక్షణను వారి ప్రయాణ ఏర్పాట్ల నుంచి విడదీయలేమని ఈ చరిత్ర నిరూపిస్తున్నది.