సారీ, కేబుల్ ట్రబుల్ (12వ భాగం)



పోయిన వారం ఒక హాస్టల్లో మాట్లాడుతుంటే డిగ్రీ చదివే తమ్ముడొకడు లేచి అడిగాడు. "అన్నా, పొద్దున్నే టీవీలో వచ్చేది రాశిఫలాలు, వంటలు, మధ్యలో నాలుగు వార్తలు. ఆ సెట్టు బాగుందా, ఆ వార్తలు బాగున్నాయా అని మనం తల బద్దలు కొట్టుకోవడం దేనికి? నచ్చకపోతే కట్టేస్తే పోలా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బస్సెక్కాక మాత్రం ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. కట్టేయాలంటే ముందు టీవీ మన చేతిలో ఉండాలి కదా.

మా ఊళ్ళో మొదటి టీవీ ఒక పెద్ద రైతు ఇంటికి వచ్చింది. ఊరి పిల్లలకు లోపల చాప వేసేవాళ్ళు. వాడ పిల్లలం కిటికీ బయట నిలబడేవాళ్ళం. చువ్వలు పట్టుకుంటే ఆ ఇంటి ముసలమ్మ కేకలేసేది, అందుకని చేతులు వెనక్కి కట్టుకుని చూసేవాళ్ళం. ఎవరు తిట్టినా మాకు పట్టేది కాదు, బొమ్మ కనబడితే చాలు. 1991 ఆగస్టులో చుండూరులో మనవాళ్ళను నరికి సంచుల్లో కుక్కి కాలువలో వేసిన రోజుల్లో ఒక సాయంత్రం వార్తలు మొదలవగానే కిటికీ తలుపులు మూసేశారు. జల్లు కొడుతోందన్నారు. ఆ రోజు వాన లేదు. లోపల టీవీలో ఏం చూపించారో, అసలు చూపించారో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఆ తమ్ముడికి చెప్పాల్సిన జవాబు అమెరికాలో మిసిసిపీ రాష్ట్రం జాక్సన్ అనే ఊళ్ళో ఉంది. అక్కడ కూడా ఒక కిటికీ మూశారు. కాకపోతే అక్కడ చూసేవాళ్ళు తలుపు తట్టి ఊరుకోలేదు, తలుపే ఊడబీకారు.

ముందు ఆ పొద్దుటి కార్యక్రమం సంగతి. 1952 జనవరి 14న న్యూయార్క్‌లో ఎన్‌బీసీ వాళ్ళు "టుడే" మొదలుపెట్టారు. అమెరికాలో పొద్దుటి టీవీకి అదే పెద్దదిక్కు, ఇప్పటికీ నడుస్తోంది. డేవ్ గారోవే అనే ఆయన నడిపేవాడు. దాని సెట్టే ఒక వింత. వీధి పక్కనే స్టూడియో, మధ్యలో పెద్ద గాజు. లోపల లోకంలోని నగరాల టైము చూపించే గడియారాలు, టెలిఫోన్లు, వార్తలు కొట్టే యంత్రాలు. ఆఫీసులకు పోయే జనం గాజు బయట నిలబడి, అట్టముక్కల మీద ఏదో రాసుకొచ్చి కెమెరాకు చూపించేవాళ్ళు. పత్రికల వాళ్ళు మొదట్లో పెదవి విరిచారు. మరుసటి ఏడు జె. ఫ్రెడ్ మగ్స్ అనే చింపాంజీని తెచ్చి కూర్చోబెడితే చూసేవాళ్ళు పెరిగారు, ప్రకటనలు పెరిగాయి. 1953 జూన్‌లో బ్రిటన్ రాణి పట్టాభిషేకం ప్రసారం మధ్యలో ఆ చింపాంజీ కనబడిందని బ్రిటన్‌లో పెద్ద గోల. ప్రైవేటు టీవీ వస్తే ఇదిగో ఇలా ఉంటుందని అక్కడి రాజకీయ నాయకులు వాదించడానికి అది పనికొచ్చింది కూడా. ఈ ముచ్చట ఎందుకు చెప్తున్నానంటే, పొద్దుటి టీవీ సెట్టు మీద చూసేవాళ్ళ అభిప్రాయానికి విలువ లేదని ఎవరూ అనలేరు. రాణి మర్యాదకు భంగం కలిగితే పార్లమెంటు దాకా పోతుంది. ఎవరి అభిప్రాయం, ఎవరి మర్యాద అన్నదే తేడా.

ఇక జాక్సన్. అమెరికాలో న్యూయార్క్ వాడు కార్యక్రమం తీస్తాడు, ఊరూరా ఉండే స్థానిక స్టేషన్ దాన్ని తీసుకుని వేస్తుంది. ఆ స్టేషన్‌కు లైసెన్సు ఇచ్చేది ఎఫ్‌సీసీ అనే కేంద్ర సంస్థ. అప్పట్లో మూడేళ్ళకోసారి పొడిగించేది. జాక్సన్‌లో ఎన్‌బీసీ కార్యక్రమాలు వేసే స్టేషన్ పేరు డబ్ల్యూఎల్‌బీటీ, ఒక జీవిత బీమా కంపెనీది. దాని ప్రసారం అందే ప్రాంతంలో నూటికి నలభై అయిదు మంది దాకా నల్లవాళ్ళే. వాళ్ళ ఇళ్ళల్లోకి బొమ్మ వచ్చేది, ఆ బొమ్మలో వాళ్ళు ఉండేవాళ్ళు కాదు.

"టుడే"లో పౌరహక్కుల ఉద్యమం వార్తలు వస్తాయనుకున్నప్పుడు ఈ స్టేషన్ ముందే ఒక ప్రకటన చదివేది. మీరు ఇప్పుడు చూడబోయేది ఉత్తరాది వాళ్ళు పక్షపాతంతో వండిన వార్త, అసలు వార్తల కోసం ఏడు ఇరవై అయిదుకు మా స్థానిక బులెటిన్ చూడండి అని. నీ ముందు కంచం పెట్టి, ఇందులో విషముంది అని చెప్పి వడ్డించడం లాంటిది. కొన్నిసార్లు ఆ కంచం కూడా లాగేసేవాళ్ళు. 1955లో ఎన్‌బీసీ వేసిన ఒక కార్యక్రమంలో ఎన్‌ఏఏసీపీ తరఫు లాయరు థర్‌గుడ్ మార్షల్ మాట్లాడుతుంటే జాక్సన్‌లో బొమ్మ ఆగిపోయింది. తెర మీద ఒక అట్ట వచ్చింది: "సారీ, కేబుల్ ట్రబుల్."

కేబుల్‌కు ఏ రోగమూ లేదు. మా ఊళ్ళో వాన లేనట్టే.

1962లో జేమ్స్ మెరిడిత్ మిసిసిపీ విశ్వవిద్యాలయంలో చేరబోతే ఈ స్టేషన్ మేనేజరు స్వయంగా తెర మీదికొచ్చి అతన్ని చేరనివ్వకూడదని సంపాదకీయాలు చదివాడు. అటువైపు మాట చెప్పడానికి సమయం అడిగితే ఇచ్చేవాడు కాదు. ఏళ్ళ తరబడి ఫిర్యాదులు పెట్టగా పెట్టగా 1963 మే 20న మెడ్గర్ ఎవర్స్‌కు 17 నిమిషాలు దొరికాయి. ఒక నల్ల నాయకుడు ఆ తెర మీద కూర్చుని, నగర మేయరు మాటలకు జవాబు చెప్పడం అక్కడి ఇళ్ళల్లో జనం అంతకుముందు ఎరగరు. అప్పటిదాకా పేరు మాత్రమే విన్నవాళ్ళకు ఇప్పుడు ముఖం తెలిసింది. మిత్రులకూ తెలిసింది, శత్రువులకూ తెలిసింది. మూడు వారాలు దాటి రెండు రోజులకు, జూన్ 12 అర్ధరాత్రి దాటాక, ఆయన్ను ఇంటి ముందే కాల్చి చంపారు. తెర మీద కనబడడానికి మనవాళ్ళు కట్టే రేటు ఎంతో తెలుసుకోవాలంటే ఈ రెండు తేదీలు పక్కపక్కన పెట్టుకోండి.

ఇక్కడ నాకు చాలా ఇష్టమైన ఘట్టం. యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్‌లో ప్రసార వ్యవహారాలు చూసే ఎవరెట్ పార్కర్ అనే తెల్లాయన ఉన్నాడు. టీవీ మీద తిట్లు రాసి పంపితే చెత్తబుట్టలో పడతాయని ఆయనకు తెలుసు. 1964 మార్చి 1 నుంచి 7 దాకా, వారం రోజులు, పొద్దున టీవీ మొదలైనప్పటి నుంచి రాత్రి కట్టేసేదాకా స్థానికుల చేత చూపించి, ప్రతిదీ కాగితం మీద రాయించాడు. ఆ రాసినవాళ్ళ పేర్లు బయటకు పొక్కనీయలేదు, పొక్కితే బతకనీయరు. వాళ్ళు రాసిన వాటిలో ఒకటి నన్ను పట్టుకుంది. వార్తల్లో తెల్లవాళ్ళ పేరు ముందు మిస్టర్, మిసెస్ అని ఉంటుంది. నల్లవాళ్ళకు అది లేదు. డాక్టరైనా, పాస్టరైనా ఉత్త పేరే.

తెలుగువాడికి దీన్ని విడమర్చి చెప్పాలా? మా నాన్నకు డెబ్భై ఏళ్ళొచ్చినా ఊళ్ళో పదేళ్ళ పిల్లాడు "ఒరేయ్" అనేవాడు. ఆ పిల్లాణ్ణి మా నాన్న "అయ్యగారూ" అనాలి. మన భాషలో రెండక్షరాల "గారు"లో ఎంత భూమి, ఎంత పొలం, ఎంత గుడి ఉందో కొలిస్తే ఒక పుస్తకం అవుతుంది. జాక్సన్ వాళ్ళు దాన్ని వారం పాటు లెక్కపెట్టి, సాక్ష్యంగా మార్చి, ప్రభుత్వం ముందు పెట్టారు.

ఏప్రిల్‌లో ఎఫ్‌సీసీకి పిటిషన్ వేశారు, ఆ స్టేషన్ లైసెన్సు పొడిగించొద్దని. చర్చితో పాటు పేరు పెట్టి సంతకం చేసిన ఇద్దరు నల్లవాళ్ళను మర్చిపోవద్దు. ఒకరు ఆరన్ హెన్రీ, మందుల షాపు నడిపే మనిషి, రాష్ట్రంలో ఎన్‌ఏఏసీపీ నాయకుడు. ముందు ఏడాదే ఆయన ఇంటి మీద పెట్రోలు బాంబులు పడ్డాయి. రెండో ఆయన రెవరెండ్ రాబర్ట్ ఎల్. టి. స్మిత్, పాస్టరు, కిరాణా కొట్టు యజమాని. 1962లో కాంగ్రెస్‌కు పోటీ చేసి, డబ్బు కడతాను సమయం ఇవ్వండి అంటే ఇవ్వకుండా తిప్పిన అనుభవం ఆయనది. డబ్బిచ్చినా చోటివ్వకపోవడం అనగానే మనకు 1920 గుర్తొస్తుంది. బాబాసాహెబ్ "మూక్‌నాయక్" పెడుతున్నప్పుడు, సొమ్ము తీసుకుని ప్రకటన వేయమంటే "కేసరి" వేయలేదు. కాగితం మీద కేబుల్ ట్రబుల్ అంటే అదే.

ఎఫ్‌సీసీ ఏమందో చూడండి. ఈ స్టేషన్ వల్ల మీకు వ్యాపారంలో నష్టం వచ్చిందా? లేదు. మీ ప్రసారానికి సిగ్నల్ అడ్డు తగిలిందా? లేదు. అయితే మాట్లాడే అర్హత మీకు లేదు. పోటీ వ్యాపారికి అర్హత ఉంది, చూసేవాడికి లేదు! టీవీ కొన్నది వాడు, కరెంటు బిల్లు కట్టేది వాడు, తిట్లు తినేది వాడు, కేసులో మాత్రం వాడు ఎవరూ కాడు. కాస్త మందలించి, ఒక ఏడాదికి లైసెన్సు పొడిగించారు.

వీళ్ళు కోర్టుకు పోయారు. 1966 మార్చి 25న వాషింగ్టన్‌లోని అప్పీళ్ళ కోర్టు, చూసేవాళ్ళకు ఆ అర్హత ఉంది అని తీర్పు చెప్పింది. రాసింది వారెన్ బర్గర్. ఆయనేమీ ఉద్యమాల మనిషి కాదు, తర్వాత నిక్సన్ ఏరి ప్రధాన న్యాయమూర్తిని చేసిన మనిషి. మన పక్షం కాని జడ్జి చేత కూడా మన మాట రాయించొచ్చు, కాగితాలు గట్టిగా ఉంటే.

అయినా కథ అయిపోలేదు. ఎఫ్‌సీసీ 1967లో జాక్సన్‌లోనే విచారణ పెట్టి, రుజువు చేసే బరువంతా ఫిర్యాదుదారుల నెత్తిన వేసి, 1968లో ఈసారి మూడేళ్ళకు లైసెన్సు ఇచ్చేసింది. మళ్ళీ కోర్టు. 1969 జూన్‌లో అదే బర్గర్, ప్రధాన న్యాయమూర్తిగా ప్రమాణం చేయబోయే ముందు రోజుల్లో, ఆ లైసెన్సును కొట్టేశాడు. 1971లో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసిన లాభాపేక్ష లేని సంస్థ స్టేషన్‌ను చేతిలోకి తీసుకుంది. 1972లో విలియం డిల్డే జనరల్ మేనేజర్ అయ్యాడు, అమెరికాలో టీవీ స్టేషన్‌కు ఆ పదవిలోకి వచ్చిన మొదటి నల్లవాడు. న్యూయార్క్‌లో "టుడే" సెట్టు మీద ప్రధాన వ్యాఖ్యాత కుర్చీలో ఒక నల్లవాడు, బ్రయంట్ గంబెల్, కూర్చోవడానికి 1982 దాకా పట్టింది. "వెనకబడ్డ" దక్షిణాది ఊరు పదేళ్ళు ముందుంది. ఎవరో దయతలిచి కాదు.

మన దగ్గర? 1995 ఫిబ్రవరిలో బెంగాల్ క్రికెట్ సంఘం కేసులో మన సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పింది. మంచి మాట. ఆ ప్రజల్లో మనం ఉన్నామా అని చూస్తే, 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి న్యూస్‌రూముల్లో నాయకత్వ పదవులు లెక్కపెట్టాయి. 121 పదవుల్లో 106 అగ్రకులాల చేతుల్లో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలకు సున్నా. ఒకటో రెండో కాదు తమ్ముడూ, సున్నా.

ఆ హాస్టల్ తమ్ముడికి ఫోన్ చేసి ఈ కథ చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి మనం కూడా వారం రోజులు రాస్తే?" అన్నాడు. నలుగురు ముందుకొచ్చారు. ఒకమ్మాయి మంచి మాటంది: వార్తలు ఒక్కటే రాస్తే సరిపోదన్నా, వెనక సెట్టు మీద ఏ బొమ్మ ఉంది, ఏ దేవుడున్నాడు, ఎవరిని స్టూడియోలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు, ఎవరిని వాడలో నిలబెట్టి ముఖం ముందు మైకు పెట్టారు, అది కూడా రాయాలి అని. ఒక గడి "గారు"కు. ఒక గడి, చనిపోయిన మన మనిషికి పేరు చెప్పారా, "దళిత యువకుడు" అని వదిలేశారా అన్నదానికి.

సోమవారం పొద్దున ఆరింటికి మొదలుపెడుతున్నాం. మీ హాస్టల్లో టీవీ ఉంటే మీరూ కూర్చోండి, తెల్ల నోటు పుస్తకం, స్కేలు, రెండు రంగుల పెన్నులు చాలు. గడులు ఎలా గీసుకోవాలో, ఏది ఏ గడిలో వేయాలో 13వ భాగంలో రాస్తాను.